మేఘన ఎక్కే బండి కోసం

అరిజోనా నుంచి న్యూ మెక్సికో వైపు వెళ్ళేవాళ్ళు మామూలుగా తెల్ల ఇసుక తిన్నెలు చూడటానికో, గుహలు చూడటానికో వెళతారు. మేం మూడు పాత కార్లు చూడటానికి వెళ్ళాం. పోను రాను రెండు రోజులు. తిరిగొచ్చి నెలన్నర అయింది. ఇప్పటికీ మా చాండ్లర్‌లో ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా, కారు కోసం అంత దూరం ఎందుకు పోయారని అడుగుతూనే ఉన్నారు. ప్లేట్ పట్టుకుని నిలబడి చెప్పే సంగతి కాదు కనుక ఇలా రాస్తున్నాను.

నేను ఫిజియోథెరపిస్టుని. ఆస్పత్రిలో కాదు, పేషెంట్ల ఇళ్ళకే వెళ్ళి వ్యాయామాలు చేయిస్తాను. కాసా గ్రాండే, కూలిడ్జ్, ఫ్లారెన్స్, అన్నీ పత్తిచేల మధ్య ఊళ్ళు. మా ఆయన కిశోర్ చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. పన్నెండు గంటల షిఫ్టులు కావటంతో రోడ్డు పనులన్నీ నావే. మా అమ్మాయి మేఘనకి పదేళ్ళు. నెలలు నిండకుండా పుట్టింది. దాని కాళ్ళ కండరాలు ఎప్పుడూ బిగుసుకుని ఉంటాయి. మోకాళ్ళ కింద బ్రేసులు, చేతులకి మోచేతి కర్రలు. ఎక్కువ దూరం నడవాల్సి వస్తే మడిచే వీల్‌చెయిర్. వారానికి రెండుసార్లు థెరపీ కోసం టూసాన్ తీసుకెళ్ళాలి. తల్లి ఫిజియోథెరపిస్టు కదా, ఇంట్లోనే చేయించవచ్చుగా అంటారు. నేను చెబితే వినదు. అదే ముక్క బయటివాళ్ళు చెబితే వింటుంది.

ఇవన్నీ కలిపితే నేను ఏడాదికి ముప్ఫై వేల మైళ్ళు తిరుగుతాను. నా పాత కారు గేర్‌బాక్స్ సెప్టెంబరులో చేతులెత్తేసింది. ఇంట్లో ఇంకో పెద్ద బండి ఉంది కానీ దాని గుమ్మం మేఘనకి నడుం ఎత్తు. కిశోర్ ఎప్పుడూ దాన్ని ఎత్తి కూర్చోబెట్టేవాడు. పదో పుట్టినరోజు దాటాక ఒకరోజు, ఇక నన్ను ఎత్తొద్దు నాన్నా అని చెప్పేసింది. అప్పటినుంచి మోకాళ్ళ మీద పాక్కుంటూ, సీటు బెల్టు పట్టుకుని లాక్కుంటూ ఎక్కుతోంది. ఐదు నిమిషాలు పడుతుంది. స్కూలు పార్కింగులో పిల్లలు చూస్తూ ఉంటారు.

అందుకని స్టేషన్ వ్యాగన్ కొందామనుకున్నాను. కారంత ఎత్తే ఉండి, వెనక డిక్కీ బదులు పైకప్పు చివరిదాకా సాగిన బండి. వీల్‌చెయిరూ నా సామానూ అందులో పడుకోబెట్టవచ్చు. ఒకప్పుడు ఈ దేశంలో ఇంటింటికీ ఉండేవట. ఇప్పుడు అందరూ ఎత్తు బళ్ళే కొంటున్నారు కాబట్టి వెతుక్కుంటూ పోవాలి.

నాకు తోడుగా నర్సింగన్న వచ్చారు. ఆయనది కరీంనగర్ వైపు. అక్కడ బస్సు డిపోలో మెకానిక్‌గా చేశారు. భార్య విజయక్కకి నర్సు ఉద్యోగం వచ్చి ఇరవయ్యేళ్ళ కిందట ఇద్దరూ ఇక్కడికి వచ్చారు. ఇప్పుడు మేసాలో రెండు షెడ్ల గ్యారేజీ నడుపుతున్నారు. మేఘనకి అక్టోబరు సెలవులు రాగానే, విజయక్క కట్టిచ్చిన సకినాల డబ్బా, ఆయన పనిముట్ల పెట్టె వేసుకుని ముగ్గురం ఆయన వ్యానులో బయలుదేరాం. ఆ వ్యాను మెట్టు మరీ ఎత్తు. మేఘన కోసం ఆయన ఒక చెక్కపీట తెచ్చారు.

టూసాన్

మొదటి బండి టూసాన్‌లో, పాత కార్లు అమ్మే ఒక చోట. నల్లటి వ్యాగన్, తిరిగింది అరవై రెండు వేల మైళ్ళే. పదకొండు వేల తొమ్మిదివందల డాలర్లు. దాన్ని చూడగానే ఇక ముందుకి వెళ్ళే పనిలేదని నాకు అనిపించింది. సేల్స్‌మన్ మేఘనకి కుర్చీ వేయించాడు, నాకు చల్లటి నీళ్ళ సీసా ఇచ్చాడు.

నర్సింగన్న నీళ్ళు తాగలేదు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, మేం రాకముందే ఇంజన్ స్టార్ట్ చేశారా అని అడిగారు. బండి కడిగేందుకు అటూ ఇటూ జరిపామని చెప్పాడతను. చల్లారిన ఇంజన్ స్టార్ట్ చేస్తేనే దాని లోపాలు బయటపడతాయట. ఆయన వెనక సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగారు. లోపల చుట్టుకుని ఉండే భాగంలో జానెడు ఎత్తున మట్టిరంగు చార ఉంది. తర్వాత స్టెప్నీ టైరు తీసి ఆ గుంతలో వేలు తిప్పి నా ముక్కు దగ్గర పెట్టారు. పాత నీళ్ళ వాసన.

"నీళ్ళల్ల మునిగిన బండి చెల్లె ఇది. యాడనో వరదొచ్చింటది. పైన బాగనే తుడిచిండ్రు."

ఆ సంగతి తమకి తెలియదని సేల్స్‌మన్ అన్నాడు. నిజమే కావచ్చు. చేతులు కడుక్కుని బయటికి వచ్చేశాం.

ఆ బాధ మరచిపోవటానికి రస్పాడోలు తిన్నాం. మన ఐస్ గోలాకి పెద్దక్క లాంటిది. తురిమిన ఐసు మీద మామిడిపండు ముక్కలు, ఉప్పూ కారం, పైన చింతపండు పూసిన స్ట్రా. గ్లాసు ఆరున్నర డాలర్లు. మామిడికాయ మీద ఉప్పూకారం చల్లుకోవటం మనకే తెలుసనుకునేదాన్ని. మేఘన తనది తినేసి నాది కూడా లాక్కుంది.

అక్కడినుంచి తూర్పుగా గంట ప్రయాణం చేశాక రోడ్డుకి రెండు వైపులా గుండ్రాళ్ళ గుట్టలు వస్తాయి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చిపెట్టినట్టు ఉంటాయి. నర్సింగన్న వ్యాను నెమ్మది చేసి, గోల్కొండ అవతలి దారి గుర్తొస్తున్నదని అన్నారు. మేఘన హైదరాబాదు రెండుసార్లే చూసింది. అక్కడ కూడా ఇలాగే ఉంటుందా అని అడిగితే, ఉండేది, ఇప్పుడు కొట్టేసి ఇళ్ళు కట్టిండ్రని చెప్పారు.

సిల్వర్ సిటీ

సరిహద్దు దాటితే గడియారం గంట ముందుకి జరుగుతుందన్న సంగతి మాకు తట్టలేదు. రెండో బండి యజమాని వాల్టర్ గారి ఇంటికి గంట ఆలస్యంగా చేరాం. ఆయన వరండాలో కూర్చుని మా కోసమే చూస్తున్నాడు. ఎత్తుగా, సన్నగా ఉన్న మనిషి, రిటైరైన స్కూలు మాస్టారు. సిల్వర్ సిటీ పాత గనుల ఊరు. ఎర్ర ఇటుకల ఇళ్ళు, కొండగాలి. చాండ్లర్ ఎండల్లోంచి వచ్చిన మాకు అక్టోబరులోనే స్వెటర్లు కావలసి వచ్చాయి.

ఆయన బండి ఐరోపా కంపెనీది. ఎనభై ఎనిమిది వేల మైళ్ళు, మొదటినుంచీ ఒకే చెయ్యి. నర్సింగన్న గంటసేపు దాని కింద, పైన, లోపల తిరిగి, చివరికి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నవ్వారు. పొద్దుటినుంచీ ఆయన నవ్వటం అదే మొదలు. నేను టేపు తీసుకుని వెనక భాగం కొలిచాను. వీల్‌చెయిర్ పడుతుంది. నా మడత బల్ల పడుతుంది. బరువుల సంచీ పడుతుంది. లోపల్లోపల డబ్బు కట్టేసినంత సంబరపడ్డాను.

మేఘన ఈలోగా పక్క తలుపు తీసుకుని తనే ఎక్కిందట. సీటు మెత్తటి సోఫాలా లోపలికి దిగిపోతుంది. దిగుదామంటే లేవలేకపోయింది. రెండోసారి ప్రయత్నించి లేచింది కానీ కర్ర కంకర మీద జారింది. శబ్దం విని నేను టేపు పారేసి వచ్చేసరికి అరచేతుల మీద పడి ఉంది. నాకంటే ముందు వాల్టర్ చేరాడు. ఒక్క ఊపున దాన్ని ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు, కాళ్ళు సర్ది బెల్టు కూడా పెట్టాడు. నేను ఆయనకి థాంక్యూ చెప్పాను.

ఆయన భార్య లోపలినుంచి బిస్కెట్లు తెచ్చింది. మేఘన తీసుకోలేదు. పొద్దున్నే ఫోన్ చేస్తామని చెప్పి వచ్చేశాం. సాయంత్రం దానికి ఇష్టమైన ఎంచిలాడాలు చెప్పాను. రొట్టెలో జున్ను చుట్టి పైన మిరపకాయల గుజ్జు పోస్తారు. ఎర్రగుజ్జా పచ్చగుజ్జా అని అడగటం అక్కడి మర్యాద, మనం కాఫీయా టీయా అని అడిగినట్టు. రెండూ కావాలంటే, ఎరుపూ పచ్చా ఆ పండగ రంగులు కనుక, క్రిస్మస్ అనాలట. మామూలు రోజైతే ఆ మాటకి మేఘన పగలబడి నవ్వేది. ఆరోజు ఫోర్కుతో అటూ ఇటూ కదిపి వదిలేసింది. దెబ్బ నొప్పేమో అనుకుని అరచేతులు చూశాను. కాస్త గీరుకున్నాయి, అంతే.

తెల్లవారి మోటెల్లో బ్రేసుల పట్టీలు బిగిస్తుంటే అడిగింది.

"అమ్మా, ఆయనకి థాంక్యూ ఎందుకు చెప్పావ్?"

ఎవరికి అన్నాను, తెలిసి కూడా.

"నన్ను అడగలేదు. గ్రోసరీ బ్యాగ్ లాగా ఎత్తి పెట్టేశాడు. నువ్వు థాంక్యూ అన్నావ్."

సాయం చేద్దామనే కదా అన్నాను.

"నాకు హెల్ప్ వద్దు అని కాదు. ఫస్ట్ అడగాలి. నువ్వు కూడా అడగవు. వీల్‌చెయిర్ పడుతుందా అని మెజర్ చేశావ్. నేను పడతానా అని చెయ్యలేదు."

దానికి వచ్చిన తెలుగు అంతే. ఇమడటానికీ కిందపడటానికీ ఒకటే మాట వాడింది. ఏ అర్థంలో తీసుకున్నా అది చెప్పింది నిజమే. నేను రోజూ ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, కుర్చీల ఎత్తు కొలుస్తాను. మంచాల కింద చెక్కలు పెట్టిస్తాను. మోకాలి వెనక మడత కంటే సీటు ఒక్క అంగుళం కిందికి ఉన్నా లేవటం కష్టమని వాళ్ళ పిల్లలకి బోధిస్తాను. నా కూతురు కూర్చునే సీటు ఎత్తు మాత్రం నేను కొలవలేదు. సారీ అన్నాను. అది తలూపి, పట్టీ ఇంకాస్త బిగించమంది.

వాల్టర్ గారికి ఫోన్ చేసి, బండి చాలా మంచిదనీ, సీటు మా అమ్మాయికి మరీ కిందికి ఉందనీ చెప్పాను. నిన్న నేను ఆ పిల్లని అలా ఎత్తటం తప్పయిందా అని అడిగాడు. పరవాలేదు లెండి అన్న మాట నోటిదాకా వచ్చింది. మేఘన నావైపే చూస్తోంది. ముందు తనని అడిగి ఉంటే బాగుండేదండీ అన్నాను. సారీ చెప్పానని ఆమెకి చెప్పండి అన్నాడాయన. చెప్పాను. "ఓకే" అంది, అని తన కార్న్‌ఫ్లేక్స్ తినటం మొదలుపెట్టింది.

నర్సింగన్నకి మాత్రం చాలా కష్టంగా అనిపించింది. అసొంటి బండి మళ్ళ దొరకదని రెండుసార్లు అన్నారు. జరిగింది చెప్పాక, వ్యాను తాళాలు తీసుకుని లేచారు. బయలుదేరేటప్పుడు మేఘన పక్కన పీట వేసి, "పీట వెయ్యాల్నా బిడ్డా?" అని అడిగారు. వేశాక అడిగారన్నమాట. మేఘన నవ్వింది.

హ్యాచ్

మూడో బండిని నేను లెక్కలోకి తీసుకోలేదు. ఎలాగూ అంత దూరం వెళుతున్నామని జాబితాలో రాసుకున్నానంతే. లక్షా తొంభై ఒక్క వేల మైళ్ళు తిరిగిన బండి. ప్రకటనలో ఫొటో కూడా మసకగా ఉంది.

హ్యాచ్ మిరపకాయల ఊరు. ఊరు మొత్తం కలిపి మన చిన్న పేటంత ఉంటుంది. వీధుల వెంట దుకాణాల ముందు ఇనప జల్లెడ డ్రమ్ముల్లో పచ్చిమిరపకాయలు గిరగిరా తిప్పుతూ గ్యాసు మంట మీద కాలుస్తారు. వ్యాను అద్దాలు దించగానే ముగ్గురికీ దగ్గు వచ్చింది. మనం దుకాణానికి దిష్టి కోసం నిమ్మకాయా మిరపకాయలూ కడితే, వీళ్ళు గుమ్మాలకి మనిషంత పొడుగు ఎండుమిరప గుత్తులు వేలాడదీస్తారు. దిష్టికా అని అడిగాను. అందానికీ, కూరకీ అని చెప్పారు. కాల్చిన మిరపకాయలు ఒక పెద్ద సంచీ పాతిక డాలర్లకి కొన్నాను.

బండి యజమానురాలి పేరు ఒఫీలియా. అరవై దాటి ఉంటుంది, చేతికర్ర. ఉల్లిచేను పక్కన చిన్న ఇల్లు. బండి జపాన్ కంపెనీది, బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు, ఎండకి బానెట్ వెలిసిపోయింది. నర్సింగన్న అలవాటుగా అరచెయ్యి ఆనించబోతుంటే, నిన్న మధ్యాహ్నంనుంచి తాళం తిప్పలేదు, కొనేవాళ్ళు చల్లటి ఇంజన్ చూడాలి కదా అందావిడ. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని ఆవిడకి నమస్కారం పెట్టారు.

ఒఫీలియా పదకొండేళ్ళు రక్తం శాంపిళ్ళు చేరవేసే పని చేసింది. కొండల అవతలి చిన్న ఊళ్ళ క్లినిక్కులనుంచి తీసుకుని, లాస్ క్రూసెస్‌లో ల్యాబుకి చేర్చాలి. రోజుకి మూడొందల మైళ్ళు. గాజు గొట్టాలు కదలకూడదు, వేడెక్కకూడదు. గబుక్కున బ్రేకు వేసిన రోజున తనకి నిద్ర పట్టేది కాదంది. రెండు తుంటి ఎముకలకీ ఆపరేషన్లయ్యాక మానేసింది. నర్సింగన్న చక్రాల సందులోంచి టార్చి వేసి చాలాసేపు చూశారు.

"మైళ్ళు సూసి భయపడకు చెల్లె, ఎట్ల తిరిగిందో సూడాలె. ఇంత సాఫుగ నడిపినోన్ని మా డిపోల ఒక్కన్ని సూడలేదు."

అయితే లోపాలు కూడా చెప్పారు. వెనక ఎడమ చక్రం బేరింగ్ మూలుగుతోంది. షాకబ్జార్లు అలసిపోయాయి. ఇంజన్ మీద అనుమానం లేదు కానీ గేర్‌బాక్స్ మీద ఒట్టు వేసి చెప్పలేనన్నారు.

ఒఫీలియా ఆ మాటలన్నీ మా ఇద్దరికీ వదిలేసి మేఘన దగ్గరికి వెళ్ళింది. కారు నీ కోసమా అని అడిగింది. మా అమ్మ నడుపుతుంది, కానీ నా కోసమే అని మేఘన చెప్పింది. నువ్వెలా ఎక్కుతావని అడిగింది ఆవిడ. మోకాళ్ళ మీద అని మేఘన అంది, నేల చూస్తూ. నేనెలా ఎక్కేదాన్నో చూస్తావా, నువ్వు అలాగే ఎక్కాలనేం లేదు అంది.

శాంపిళ్ళు సర్దేందుకు తను ఎక్కే వెనక తలుపు తీసి, చేతికర్రని ముందు సీటు వెనక ఉన్న కొక్కేనికి తగిలించింది. సీటుకి వీపు తిప్పి, కాళ్ళు బయటే ఉంచి మొదట కూర్చుంది. పైన పట్టుకునే పిడికి శాంపిళ్ళ సంచీ పాత బెల్టు ఒకటి ఎప్పుడో కుట్టి వేలాడదీసుకుంది. దాన్ని పట్టుకుని ఒక కాలు చేత్తో లేపి లోపల పెట్టుకుంది. తర్వాత రెండోది. సరిగ్గా ఇదే పద్ధతి నేను మేఘనకి రెండేళ్ళుగా నేర్పుతున్నాను. ఆ సంగతి బయటపెట్టకూడదని నాకు ఆ నిమిషంలో తెలిసింది.

మేఘన మళ్ళీ ఒకసారి చూపించమంది. ఆవిడ చూపించింది. తర్వాత తను వెళ్ళి కర్రలు తగిలించింది. వెనక్కి తిరిగి తలుపు పట్టుకుని నిలబడింది. నా చేతులు వాటంతట అవే ముందుకి వెళ్ళాయి. ఒఫీలియా తన చేతులు వెనక్కి కట్టుకుని నావైపు చూసింది. నేను కూడా కట్టుకున్నాను. మేఘన కూర్చుంది. బెల్టు అందుకుంది. ఎడమ కాలు మొదటిసారి గుమ్మానికి తగిలి జారింది, రెండోసారి లోపలికి వెళ్ళింది. కుడి కాలు తేలిగ్గానే వెళ్ళింది. తలుపు లాగి వేసుకుంది. బయట మేం ముగ్గురం నిలబడి ఉన్నాం. కాసేపటికి అద్దం కిందికి దిగింది.

"అమ్మా, ఐ యామ్ ఇన్."

దిగింది. మళ్ళీ ఎక్కింది. అలా నాలుగుసార్లు. ఐదోసారి అడిగాను, ఒకసారి కొలవనా అని. కొలుచుకో అంది. సీటు ఎత్తు దాని మోకాలి మడత కంటే ఒక వేలెడు పైకి ఉంది.

కిశోర్‌కి ఫోన్ చేస్తే మైళ్ళ సంఖ్య విని గొంతు మారిపోయింది. కోపం కాదు. "పద్మా, జూన్‌లో నూట పద్నాలుగు డిగ్రీలప్పుడు ఆ పత్తిచేల మధ్య బండి ఆగిపోతే? పాప కూడా ఉంటే?" అన్నాడు. ఆ భయం నాకూ ఉంది. మేఘన ఫోన్ ఇమ్మంది.

"నాన్నా, నేను ఎక్కాను. నువ్వు చూడలేదు. ఎవరూ పట్టుకోలేదు."

కిశోర్ ఫోన్ నర్సింగన్నకి ఇమ్మన్నాడు. ఆదివారం నాటికి బేరింగూ షాకబ్జార్లూ మార్చేస్తాననీ, ఐదు వేల మైళ్ళకొకసారి బండి తన షెడ్డుకి రావాలనీ, రాకపోతే తనే వచ్చి తోలుకుపోతాననీ ఆయన చెప్పారు. సాయంత్రానికి జాగ్రత్తగా వచ్చేయండి అన్నాడు కిశోర్.

ధర ఐదు వేల ఎనిమిది వందలు. మనవైపైతే ఇక్కడినుంచి అసలు బేరం మొదలవుతుంది. ఒఫీలియా తనే, బేరింగ్ పాడైంది కాబట్టి మూడు వందలు తగ్గించుకోండి అంది. నర్సింగన్న బేరం చేయటానికి తయారు చేసుకున్న మాటలన్నీ వృథా అయ్యాయి. చిక్కుళ్ళూ పచ్చిమిరపకాయలూ వేసి ఉడికించిన పులుసు మాకు పెట్టింది. ముందు రుచి తెలిసి, మింగాక కారం తెలుస్తుంది. ఆయన మూడుసార్లు వడ్డించుకుని, ఇందులో కొంచెం చింతపండు పడాలె అన్నారు.

బయలుదేరే ముందు ఆయన నాలుగు నిమ్మకాయలు అడిగారు. కొత్త బండి కాదు కదా అన్నా అన్నాను. మనకు కొత్తదే గదా అన్నారు. ఒఫీలియా ఎందుకని అడగకుండా ఫ్రిజ్‌లోంచి తెచ్చి ఇచ్చింది. చక్రాల కింద పెట్టటం చూసి, గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. అరచెయ్యి బండి కప్పు మీద ఆనించి కొద్దిసేపు నిలబడింది. నిమ్మకాయలు చితికిన చప్పుడు విని మేఘన చప్పట్లు కొట్టింది.

లార్డ్స్‌బర్గ్ దగ్గర

నర్సింగన్న వ్యాను ముందు, మేం వెనక. లార్డ్స్‌బర్గ్ దాటాక ఎండిపోయిన చెరువులాంటి మైదానం మైళ్ళకొద్దీ ఉంటుంది. గాలి లేస్తే తెల్లటి దుమ్ము రోడ్డుని మింగేస్తుంది. ఏం చేయాలో దారి పొడుగునా బోర్డులు పెట్టారు. వెళ్ళేటప్పుడు మేఘన వాటిని చదివి నవ్వింది. వచ్చేటప్పుడు నాకు ఏ ఒక్కటీ గుర్తుకు రాలేదు.

ముందు వ్యాను రంగు మాసింది. తర్వాత వ్యాను లేదు. తర్వాత రోడ్డు మీది తెల్లగీత లేదు. ఎలాగో కుడివైపుకి, రోడ్డు వదిలి బాగా పక్కకి తీసి ఆపాను. బ్రేకుని శక్తికొద్దీ తొక్కిపట్టుకుని ఉన్నాను. వెనకనుంచి మేఘన గొంతు వినిపించింది.

"అమ్మా, లైట్స్ ఆఫ్. బ్రేక్ మీద కాలు తీసెయ్. రెడ్ లైట్ చూస్తే వెనక ట్రక్కులు మన మీదికి వస్తాయి."

లైట్లు ఆర్పాను. హ్యాండ్‌బ్రేక్ వేసి కాలు తీశాను. ఆ చీకటిలాంటి తెలుపులో ఏదో పెద్ద బండి మా ఎడమ పక్కనుంచి దూసుకుపోయింది. కారు మొత్తం ఊగింది. నా చెయ్యి వెనక్కి చాచాను. మేఘన పట్టుకుంది. దాని వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఐ యామ్ స్కేర్డ్" అంది.

నాకు కూడా అన్నాను.

"ఏమైనా అయితే నన్ను ఎత్తుకుని పరిగెత్తు అమ్మా. అడగక్కర్లేదు. ఈ ఒక్కసారికి."

అలాగే అన్నాను. ఇరవై నిమిషాలు అలా చేతులు పట్టుకుని కూర్చున్నాం. దుమ్ము ఎలా వచ్చిందో అలాగే పోయింది. మొదట ఒక కంచె, తర్వాత కొండ, తర్వాత అరమైలు దూరంలో రోడ్డు పక్కన నర్సింగన్న. ఆయన వ్యాను దిగి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని మావైపే నడిచి వస్తున్నారు. దగ్గరికి వచ్చి ముందు మేఘన అద్దం తట్టారు. తర్వాత అక్కడే కూర్చుని, సకినాలు పంచి పెట్టారు. వాటిలో దుమ్ము కరకరలాడింది. అయినా తిన్నాం.

చాండ్లర్, మళ్ళీ టూసాన్

మేం ఇల్లు చేరేసరికి కిశోర్ డ్రైవ్‌వేలో నిలబడి ఉన్నాడు. బండి ఆగగానే అలవాటుగా రెండు చేతులూ చాచి తలుపు దగ్గరికి వచ్చాడు. అంతలోనే గుర్తొచ్చి ఆగాడు. మేఘన కాళ్ళు బయట పెట్టుకుని, కర్రలు తీసుకుని లేచే వరకూ అక్కడే ఉండి చూశాడు. అది లోపలికి వెళ్ళిపోయాక, ఖాళీ సీటు మీద చెయ్యి వేసి అటు తిరిగి నిలబడ్డాడు. నేను సామాను దించే పని పెట్టుకున్నాను.

నర్సింగన్న అన్నట్టే ఆదివారం బండి షెడ్డులో పెట్టి అవన్నీ మార్చారు. ఇప్పటికి మూడున్నర వేల మైళ్ళు తిరిగాను. గేర్‌బాక్స్ ఎన్నాళ్ళు ఉంటుందో నాకు తెలియదు. రోజూ పొద్దున ఆ శబ్దం కొంచెం భయంగానే వింటాను. కిశోర్ బండిలో వెనక రెండు పెద్ద నీళ్ళ క్యాన్లు పెట్టాడు, వాటిని ఎప్పటికీ తీయనివ్వడు. లక్షల మైళ్ళ బండి కొంటే ఆ మాత్రం గుబులు ఉంటుంది. కొనదలచిన వాళ్ళు అది కూడా తెలుసుకోవాలి.

పోయిన గురువారం టూసాన్ క్లినిక్ ముందుకి వచ్చాం. పార్కింగ్ దూరం. ఎప్పుడూ అక్కడినుంచి దాన్ని వీల్‌చెయిర్‌లో తోసుకుంటూ వస్తాను. మేఘన ఇక్కడే ఆపమంది.

"నువ్వు పార్క్ చేసి రా. నేను వెళ్తుంటాను."

వెళ్ళగలవా అని అడగబోయి మానుకున్నాను. అది దిగి, తలుపు మోచేత్తో తోసింది. కర్రలు ముందు, కాళ్ళు వెనక, ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్ళింది. అద్దాల తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా నేను కదల్లేదు.

పార్క్ చేసి పరుగులాంటి నడకతో వచ్చాను. అది రిసెప్షన్ బల్ల దగ్గర నిలబడి, తన పేరులో అక్షరాలు ఒక్కొక్కటే చెబుతోంది. నీతో ఇవాళ ఎవరు వచ్చారని రిసెప్షనిస్టు అడిగింది.

"మా అమ్మ" అని మేఘన ఇంగ్లీషులో చెప్పింది. "డ్రైవ్ చేసింది. వస్తోంది."

అది చెప్పటం అయ్యే వరకూ నేను తలుపు దగ్గరే ఆగాను.